విషయం: మన పడవ మోటారుకు ధార ఆగిపోవుట గురించి

జూన్ 4

గౌరవనీయులైన బావగారికి,

మీ పెళ్లయిన మర్నాటి నుంచీ మీ మేడమీది గదిలో కాపురముంటున్న మీ బావమరిది, రికార్డుల విభాగం సూపరింటెండెంటు, సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

ముందుగా, ఈ సంగతి ఫోనులో కాక కాగితం మీద ఎందుకు వస్తున్నదో వివరించవలసి ఉంది. పడవను ముక్కు ఒడ్డువైపు పెట్టి కట్టాలా, తోక ఒడ్డువైపు పెట్టి కట్టాలా అన్న అంశంపై పోయిన ఆదివారం మనం ఫోనులో జరిపిన చర్చ వీధి చివరి టైలరు దాకా వినిపించింది. ఆయన మిషను ఆపి మరీ విన్నాడట. దరిమిలా అక్క ఒక ఉత్తర్వు జారీ చేసింది. దాని పూర్తి పాఠం: "మీరిద్దరూ ఇక ఫోనులో మాట్లాడుకోవద్దు. అరుచుకోవాలంటే కాగితం మీద అరుచుకోండి. రాసేలోపు సగం కోపం చస్తుంది." దీనిపై అప్పీలుకు అవకాశం లేదు. మోటారు సంగతి మీకు అక్క చెప్పదు. చెబితే "ఫోను వాడికివ్వు" అంటారని ఆమె భయం.

ఇక విషయానికి వస్తాను. మన మోటారు కింది నుంచి నీళ్లు పీల్చుకుని, ఒళ్లు చల్లబరుచుకుని, వెనకనున్న చిన్న కంతలోంచి సన్నటి ధారగా బయటికి పోస్తుందన్నది తమరికి తెలిసిన విషయమే. సోమవారం ఉదయం అక్కను అవతలి ఒడ్డు ఆరోగ్య కేంద్రానికి డ్యూటీకి తీసుకువెళుతుండగా, పాయ మధ్యలో ఆ ధార ఆగిపోయింది. మీరు కోల్డు స్టోరేజీ ఉద్యోగానికి వెళ్తూ వెళ్తూ నాకు చెప్పినది ఒకే ఒక్క మాట: "ధార లేకపోతే మోటారు ఆపు, తెడ్డు పట్టు." ఆ ప్రకారమే చేశాను. నా తెడ్డు పని చూసి అక్క, "నువ్విలా వేస్తుంటే మనం వెళ్లడం కాదురా, ఒడ్డే జాలిపడి మన దగ్గరికి రావాలి" అంది. ఈ వ్యాఖ్యను రికార్డు నుంచి తొలగించాను.

ఇంకొక వ్యాఖ్యను మాత్రం ఉంచాను. మోటారు ఆపగానే అక్క మూత తీసి, రోగి నుదుటిమీద వేసినట్టు దాని ఒంటిమీద అరచెయ్యి వేసి, "జ్వరం ఏమీ లేదురా దీనికి" అంది. మర్నాడు నేనూ, అక్కా, పక్కింటి రిటైరైన బస్సు డ్రైవరుగారూ సభ్యులుగా ఏర్పడిన కమిటీ, మోటారుకు తీవ్ర అస్వస్థత అని రెండు ఓట్లతో తేల్చింది. అక్క మాటను భిన్నాభిప్రాయంగా నమోదు చేశాం.

నా వైపు నుంచి అశ్రద్ధ ఏమీ జరగలేదని మనవి. మీరు వెళ్లిన నాటి నుంచీ రోజూ సాయంత్రం దానిమీద తడి గోనె కప్పుతున్నాను. మంచినీళ్ల కుండకు పనికొచ్చిన ఉపాయం మోటారుకు పనికిరాదని ఎక్కడా రాసిలేదు.

ఈ వ్యవహారం అత్యవసరమని ఎందుకంటున్నానంటే, అవతలి ఒడ్డున వలలు అల్లే అమ్మాయికి ఈ నెలాఖరు దాటాక నెలలు నిండుతాయి. పోయినసారి ఆమెకు బిడ్డ దక్కలేదు. "మీరు పక్కనుంటేనే కంటాను సిస్టర్" అని అక్క చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పింది. తేడా వస్తే ఆమెను ఈ ఒడ్డు పెద్దాసుపత్రికి చేర్చవలసింది మన పడవే. వంతెన మీదుగా వెళ్లే బస్సు ఎంతసేపట్లో వెళుతుందో దాని డ్రైవరుకే తెలియదు. పైగా, వేళకు రాలేని నర్సు బదిలీ కోరుకోవచ్చునని అక్కకు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

తగు ఆదేశాలు కోరుతూ,

తమ విధేయుడు,
బావమరిది

---

జూన్ 9

సూపర్నెంటు గారికి బావ ఆశీస్సులు, ఒక మొట్టికాయ.

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా చదివాక కూడా చచ్చింది మోటారా, టైలరా అన్నది తెలియలేదు. రెండో పేజీలో తెలిసింది. నువ్వు ఇల్లు తగలబడుతుంటే కూడా "విషయం" అని రాసి కింద గీత గీసేదాకా నీళ్లు పొయ్యవురా!

నేను చూడకుండానే చెబుతున్నాను, దానికున్న రోగం ఒక్కటే. కింద నీళ్లలో మునిగే కాలులాంటి భాగంలో నీళ్లను పైకి తోసే చిన్న పంపు ఉంది. అందులో రెక్కల రబ్బరు చక్రం ఉంటుంది. రబ్బరు పాతబడితే పెళుసెక్కి రెక్కలు విరుగుతాయి. నీళ్లు పైకి ఎక్కవు. కొత్త చక్రం పార్శిల్లో పంపుతున్నాను.

పని చెబుతాను, విను. బోల్టులు విప్పితే కాలు కిందికి దిగుతుంది. పంపు మూత తీసి పాత చక్రం లాగెయ్యి. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, ఇరుసు తిరిగే వైపుకే తిప్పుతూ కిందికి దించు. గాలికి వాలిన గడ్డిలాగా రెక్కలన్నీ ఒకే పక్కకి పడుకోవాలి. నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా నడపకు, రబ్బరు మాడిపోతుంది. డ్రమ్ములో నీళ్లు నింపి, కాలు బాగా మునిగేట్టు పెట్టి చూడు. మిగతాది విప్పాక నీకే తెలుస్తుంది.

మీ అక్క చెయ్యి మీద నాకు నమ్మకం లేక కాదు. కానీ అది మనుషుల వ్యవహారం. ఇనుముకు నాడి ఉండదు కదా.

నేనిక్కడ మండుటెండల్లో స్వెట్టరు వేసుకుని బంగాళాదుంప బస్తాల మధ్య తిరుగుతున్నాను. చలిగదిలోంచి బయటికి రాగానే కళ్లజోడు తెల్లగా మసకబారుతుంది. లారీ డ్రైవర్లు గుడ్డివాణ్ణనుకుని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. ఎవరి జాలి వాళ్లది, నేనూ వద్దనడంలేదు.

వలల అమ్మాయి సంగతి రాస్తూ ఉండు.

నీ బావ

---

జూన్ 16

గౌరవనీయులైన బావగారికి,

తమరు పంపిన రబ్బరు చక్రం క్షేమంగా చేరింది. తమ ఆదేశాల అమలు నివేదిక ఇందుమూలంగా సమర్పిస్తున్నాను.

ఆదివారం ఉదయం మోటారును పెరట్లో చెక్కబల్లమీద పడుకోబెట్టి, కాలు దించి, పంపు మూత తీశాం. బోల్టులు కలిసిపోకుండా అక్క వాటిని మందుసీసాల మూతల్లో విడివిడిగా పెట్టింది. పాత చక్రాన్ని బయటికి తీయగా దాని రెక్కలన్నీ చెక్కుచెదరకుండా, మెత్తగా, కమిటీ సభ్యులందరికంటే ఆరోగ్యంగా కనిపించాయి. అయినప్పటికీ పై నుంచి ఆదేశం ఉన్నందున దానిని పదవి నుంచి తప్పించి, కొత్తదానిని నియమించాం. రెక్కలు గాలికి వాలిన గడ్డిలాగానే పడుకున్నాయి. ఈ ఒక్క పనిలో నేను మీ మెప్పు పొందగలనని నమ్ముతున్నాను.

కాలు తిరిగి బిగించి డ్రమ్ములో నడిపాం. ధార రాలేదు. బస్సు డ్రైవరుగారు, "కొత్త సామాను గదా, అలవాటు పడాలి. మా బస్సులకీ అంతే" అన్నారు. కమిటీ ఆ వాదనతో ఏకీభవించింది. అక్క మాత్రం, "బస్సు ఆగిపోతే దిగి నడుస్తారు. పడవ ఆగిపోతే దిగుతారా?" అని అడిగింది. ఈ ప్రశ్న అజెండాలో లేదు.

సోమవారం పాయ సగం దాటామో లేదో మోటారు గొంతు బరువెక్కింది. పెనం మాడిన వాసన వచ్చింది. ఆపాను. అక్క మూత తీసి చెయ్యి దగ్గరికి పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుని, "ఇదిగో, ఇప్పుడొచ్చింది జ్వరం. మనం తెప్పించాం" అంది. ఎదురుగాలి. ఒక తెడ్డు నా చేతిలోంచి లాక్కుని తనే వేసింది. ఒడ్డు చేరేసరికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ చేతులతోనే వలల అమ్మాయి పొట్టమీద నొక్కి చూసి బిడ్డ ఇంకా తల తిప్పలేదని చెప్పిందట.

అప్పటి నుంచి అక్క బస్సులో వెళుతోంది. చేరేసరికి పూట గడిచిపోతోంది. అక్కడి ఆడవాళ్లు మెట్లమీద కూర్చుని ఎదురుచూస్తున్నారు.

తదుపరి ఆదేశాలు త్వరగా ఇప్పించవలసిందిగా ప్రార్థన.

తమ విధేయుడు,
బావమరిది

---

జూన్ 19

ఒరేయ్,

మోటారు ముట్టుకోకు. ఎవరినీ ముట్టుకోనివ్వకు. మీ అక్కని ఆ పడవెక్కనివ్వకు. బస్సులో పంపు, కుదరకపోతే ఆ బదిలీయేదో తీసేసుకోమను. మిగతాది తర్వాత రాస్తాను.

బావ

---

జూన్ 24

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

తమరి కార్డు అందింది. వెనకవైపు కూడా తిప్పి చూశాను, ఖాళీగా ఉంది. అందులోని "మోటారు ముట్టుకోకు" అన్న ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. "బదిలీ తీసేసుకోమను" అన్న రెండో ఆదేశాన్ని మాత్రం అక్కకు చేరవేయలేదు. కార్డును నా షర్టుల అడుగున దాచాను. ఇది క్రమశిక్షణా ఉల్లంఘన అవుతుందని తెలుసు.

తమరిపై ఆరోపణ చేసేంతటి వాణ్ణి కాను. కొన్ని అంశాలను వరసగా పెడుతున్నాను, అంతే. బాగున్న చక్రాన్ని మార్చమన్నది తమరు. మార్చాక మోటారు పాడైంది. పాడయ్యాక బదిలీ అన్నది తమరు. తమరి ఊళ్లో కూడా పెద్దాసుపత్రి ఉందనీ, అందులో నర్సుల కొరత ఉందనీ తమరు పోయిన చలికాలంలో భోజనాల దగ్గర అన్నమాట నాకు గుర్తుంది. పక్కింటాయన కూడా "కలిపి చూస్తే బాగానే అతుకుతోందే" అన్నారు.

ఒంటరిగా ఉన్నవాడు భార్య తన దగ్గర ఉండాలనుకోవడం నేరమని నేననను. అయితే ఆ మాట సూటిగా అడగవచ్చు. మోటారు ద్వారా అడగనక్కరలేదు.

ఒక్క సంగతి రాసి ముగిస్తాను. మా అమ్మ పోయాక అక్క నన్ను వదిలి కాపురానికి రానంది. తమరు "దానికేం, వాణ్ణీ తీసుకురా" అన్నారు. ఒక ట్రంకు పెట్టెతో, ఒక తమ్ముడితో ఆమె తమరి ఇంటికి వచ్చింది. ట్రంకు పెట్టె అయినా ఏదో ఒకరోజు ఖాళీ అయింది, నేను కాలేదు. ఇన్నేళ్లలో ఒక్కపూటయినా తమరు నన్ను ఆ సామాను లెక్కలో చూడలేదు. అటువంటి మనిషిని అనుమానించవలసి వచ్చినందుకు నాకు అన్నం సయించడంలేదు. దీనిని సంజాయిషీగా పరిగణించి తగు సమాధానం ఇప్పించగలరు.

ఇట్లు,
ఇంకా తమరి మేడమీదే ఉంటున్న
బావమరిది

---

జూన్ 28

సూపర్నెంటూ,

నీ అభియోగపత్రం చదివి ముందు నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

ఆ కార్డు లారీ బానెట్ మీద పెట్టి రాశాను. వెనక ఇంకో లారీ హారన్ కొడుతోంది. బొబ్బలెక్కిన చేతుల సంగతి అప్పుడే చదివాను. ఎదురుగాలిలో మీరిద్దరూ పాయ మధ్యలో ఉన్నారనగానే నాకు ఆ చలిగదిలో కూడా చెమట పట్టింది. బదిలీ అన్నది బుర్ర కాదు, భయం. మీ అక్క ఇక్కడికొస్తే బాగుండునని నాకుండదా? ఉంటుంది. రోజూ ఉంటుంది. కానీ ఆ ఒడ్డున ఆవిడ కోసం మెట్లమీద కూర్చునేవాళ్లని లేపి పంపేసి నేను సుఖపడతానా? అంతమాత్రం కూడా తెలియదట్రా నా గురించి? బస్సాయన మాట విన్నావు చూడు, అందుకు మాత్రం వచ్చాక నీ వీపు పగలగొడతాను.

సరే. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. నా తప్పు ఒకటి, నీ తప్పు ఒకటి ఉన్నాయి.

మొన్న ఇక్కడ ఒక గదిలో నేలంతా నీళ్లు నిలిచాయి. చలి యంత్రం నీళ్లు బయటికి పోవడానికి చిన్న గొట్టం ఉంటుంది, అది మూసుకుపోయింది. తీగ పెట్టి పొడిస్తే గట్టి మట్టి రాలింది. మట్టితో గూళ్లు కట్టే కందిరీగ లేదూ, అది కట్టేసింది. గొట్టానికి చుట్టిన తడి గోనెమీద వాలుతుంది, నీళ్లు తాగుతుంది, గోనెకి పట్టిన మట్టిని ఉండలు చేసుకుంటుంది, పక్కనే కంతలో ఇల్లు కడుతుంది. దాని పని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వెలిగింది. తడి గోనె! నువ్వు నాతో గొప్పగా చెప్పుకున్నావే, రోజూ కప్పుతున్నానని! ఒరేయ్ నాయనా, కుండకి చల్లదనం లోపలినుంచి ఊరుతుంది కాబట్టి తడిగుడ్డ. మోటారుకెందుకురా? గాలి తగలకుండా, ఎండ పడకుండా, నీళ్లు ఇంటికే తెచ్చిచ్చి ఆ కందిరీగకి కాలనీ కట్టించావు. ఆ మొదటి రోజు నీళ్లు లోపల బ్రహ్మాండంగానే తిరిగాయి, మోటారు చల్లగానే ఉంది. బయటికి కనిపించే కంత ఒక్కటే మూసుకుంది. మీ అక్క చెప్పింది నిజం. దానికి జ్వరం లేదు.

ఇక నా తప్పు. పంపు నుంచి నీళ్లు పైకెళ్లే సన్నటి రాగి గొట్టం ఒకటుంది. కాలు తిరిగి ఎక్కించేటప్పుడు దాని కొస పంపు మీది రబ్బరు గూట్లోకి సరిగ్గా దిగాలి. తప్పిపోతే నీళ్లు కాలిలోనే చిమ్ముకుంటాయి, పైకి ఒక్క చుక్క పోదు. జ్వరం అక్కణ్ణించి వచ్చింది. నేను విప్పినప్పుడల్లా నా వేళ్లు వాటంతటవే అది చూసుకుంటాయి. నా చేతులు చేసేది నా నోటికి తెలియదు. అందుకే నీకు రాయలేదు. "మిగతాది నీకే తెలుస్తుంది" అన్నాను చూడు, ఆ మాటకి నాకే మొట్టికాయ.

ముందు ధార కంతలో సన్నటి తీగ పెట్టు, మెల్లగా. తర్వాత కాలు దించి, రబ్బరు గూటికి గ్రీజు రాసి, ఒకరు పైనుంచి గొట్టం చూస్తుంటే ఇంకొకరు కాలు ఎత్తండి. నువ్వు ఎత్తు. చూసే పని మీ అక్కకివ్వు. నరం దొరకబుచ్చుకునే మనిషికి గొట్టం ఒక లెక్కా! అంతా అయ్యాక తన చెయ్యి వేసి చూడమను. తను సరేనంటేనే పడవ దించు.

నీ బావ

---

జూలై 5

పూజ్యులైన బావగారికి,

ఈ నివేదిక కాస్త పొడవుగా ఉంటే మన్నించగలరు. కారణం కింద తెలుస్తుంది.

తమ ఉత్తరం అందిన సాయంత్రమే ధార కంతలో తీగ దూర్చాను. ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది. ఆక్రమణదారులను ఖాళీ చేయించడానికి మా ఆఫీసుకు ఏళ్లు పడతాయి, ఈ కేసు ఒక్క తీగతో తేలింది. గోనెను శాశ్వతంగా విధుల నుంచి తొలగించాను. మర్నాడు నేను కాలు ఎత్తుతుండగా అక్క తల వంచి, "ఇటు... ఇంకొంచెం... ఆగు, ఊపిరి బిగబట్టు" అంది. ఊపిరి బిగబట్టమన్నది నన్నా, మోటారునా అని అడగలేదు, బిగబట్టాను. గొట్టం గూట్లో దిగింది. డ్రమ్ములో తాడు లాగగానే ధార వచ్చింది. బస్సు డ్రైవరుగారి చొక్కా తడిసింది. అది న్యాయమేనని కమిటీ భావించింది. అక్క అరచెయ్యి వేసి చాలాసేపు ఉంచి, "డిశ్చార్జి" అంది.

మూడో నాటి మధ్యాహ్నం నేను ఆరోగ్య కేంద్రం రేవులోనే ఉన్నాను. అక్క మెట్లమీదికి వచ్చి, "పడవ తియ్" అంది. వలల అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆమెను వలల మూటలమీద పడుకోబెట్టి, తల నా వైపు పెట్టారు. అత్తగారు గొడుగు పట్టింది. పాయ మధ్యకు వచ్చేసరికి ఆ అమ్మాయి భయంతో నా కాలు గట్టిగా పట్టుకుంది. "ఆగిపోతుందా సిస్టర్? మొన్న ఆగిపోయిందటగా" అని అడిగింది. అక్క ఆమె మొహం పక్కకు తిప్పి ధార చూపించింది. "అదిగో, ఆ నీళ్లు పడుతున్నాయి చూడు. అవి పడుతున్నంతసేపూ నీకేం భయం లేదు. నన్ను చూడకు, దాన్నే చూడు."

ఆమె ఈ ఒడ్డు చేరేదాకా రెప్ప వెయ్యకుండా దాన్నే చూసింది బావా. నేనూ దాన్నే చూశాను. పడవను ఎటు నడిపానో నాకు తెలియదు, రేవు మాత్రం వచ్చింది.

ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. వరండాలో ఆ అత్తగారు నా చేతులు కళ్లకద్దుకుంది. అవి గ్రీజు చేతులని చెప్పబోయాను, అప్పటికే ఆమె నుదుటికి మరక అంటింది. ఆ దండంలో సగం తమరికి చెందుతుంది, కనుక ఈ ఉత్తరం ద్వారా పంపుతున్నాను. అందినట్టు తెలియజేయగలరు.

సవరణ: జూన్ 4 నాటి నివేదికలో "భిన్నాభిప్రాయం" అని నమోదైన అక్క మాటను "తుది నిర్ణయం" అని చదువుకోవలెను. జూన్ 24 నాటి నా ఉత్తరాన్ని అసలు చదవకుండా ఉండవలెను. అందులో ట్రంకు పెట్టె గురించి రాసిన భాగం మాత్రం యథాతథంగా అమలులో ఉంటుంది.

బదిలీ కాగితానికి అక్క "అవసరం లేదు, వేళకే వస్తున్నాను" అని జవాబు రాసింది. అది నా మొత్తం సర్వీసులో నేను చూసిన అతి చిన్న అధికారిక లేఖ.

తమరికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియని,
బావమరిది

కింద అక్క చేతిరాత: ఏమండీ, వీడు ఇది రాస్తూ రెండుసార్లు లేచి మొహం కడుక్కున్నాడు. ఆ కార్డు నాకు దొరికింది, వీడి షర్టులు ఉతికేది ఎవరనుకున్నాడో. మీ భయం అర్థమైంది. ఉత్తర్వు ఎత్తేశాను, ఇక ఫోనులో మాట్లాడుకోండి. అరిస్తే మళ్లీ పెడతాను.

---

జూలై 9

ఒరేయ్ సూపర్నెంటూ,

నువ్వు పంపిన దండం అందింది. గ్రీజు మరకతో సహా.

ఈ ఉత్తరం రాయాల్సిన పని లేదు, మీ అక్క ఉత్తర్వు ఎత్తేసింది కదా. కానీ పొద్దున జరిగింది ఫోనులో చెప్పలేను. అందుకని రాస్తున్నాను.

బస్తాలు దింపిస్తుంటే ఫోను మోగింది. చూస్తే నువ్వు. ఎత్తి హలో అన్నాను. పలకలేదు. ఒరేయ్ అన్నాను, అయినా పలకలేదు. తిడదామని ఊపిరి తీసుకున్నాను. అప్పుడు వినిపించింది, మోటారు నెమ్మదిగా డుగుడుగుమంటోంది. దాని కింద, నీళ్లమీద నీళ్లు పడుతున్న చప్పుడు. ఎక్కడా తెగకుండా, సన్నగా. వెనకాల మీ అక్క, "లేచి నిలబడకురా, పడవ ఒరుగుతోంది, ఆ ఫోను నీళ్లలో పడేస్తావు" అని కేకలేస్తోంది.

కళ్లజోడు మసకబారింది, చలిగదిలోంచి వచ్చినందుకు అనుకున్నారు అక్కడివాళ్లు. లారీ డ్రైవరు చెయ్యి పట్టుకుని బెంచీమీద కూర్చోబెట్టాడు. అవతలి ఒడ్డు చేరి మీరు మోటారు ఆపేదాకా అలాగే విన్నాను.

ఇకనుంచి రోజూ ఆ వేళకి చెయ్యి. నువ్వు మాత్రం మాట్లాడకు, మళ్లీ గొడవవుతుంది. ఫోను మోటారుకివ్వు.

నీ బావ